విడాకుల డిక్రీ కాపీ పోయిందా? కోర్టు నుంచి మళ్లీ తెచ్చుకోండి ఇలా

ఒంటరి మహిళ పింఛను, రైస్ కార్డు, హౌస్‌హోల్డ్ మ్యాపింగ్ పనుల కోసం తిరుగుతున్న అక్కచెల్లెళ్లకు

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే రోజు. ప్రెస్ నోట్ పని మీద నేనూ ఆ హాల్లోనే ఉంటాను. ఆ మధ్య ఒకామె ప్లాస్టిక్ కవరులోంచి లామినేషన్ చేయించిన కాగితం తీసి నా ముందు పెట్టారు.

"మేడమ్, ఇది నా విడాకుల కాగితం. సచివాలయంలో చెల్లదంటున్నారు. విడిపోయి పన్నెండేళ్లయింది. ఆయనకు ఇంకో పెళ్లయింది, పిల్లలు కూడా ఉన్నారు. కంప్యూటర్లో మాత్రం నేను ఇంకా ఆయన ఇంట్లోనే ఉన్నానంట."

చదివి చూశాను. అది విడాకుల డిక్రీ కాదు. కేసు వేయడానికి ముందు వకీలు పంపిన నోటీసు. కోర్టు ఆమెకు విడాకులు ఇచ్చింది నిజమే. కానీ ఆ డిక్రీ కాపీని ఆమె ఎప్పుడూ తీసుకోలేదు. తీసుకోవాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. పన్నెండేళ్లుగా ఆ నోటీసునే విడాకుల కాగితం అనుకుని భద్రంగా దాచుకున్నారు.

ఇలాంటి వాళ్లు మన జిల్లాలో ఆమె ఒక్కరే కాదు. అందుకే ఈ పీడీఎఫ్. ముందుగా ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: మీ కేసులో వచ్చిన డిక్రీ కాపీ అడగడం మీ హక్కు. దానికి మాజీ భర్త సంతకం అక్కర్లేదు, ఆయన అనుమతి అక్కర్లేదు, మధ్యవర్తి అసలే అక్కర్లేదు.

ఈ కాగితం ఎక్కడ పనికొస్తుంది?

ఎన్టీఆర్ భరోసా పథకంలో ఒంటరి మహిళలకు నెలకు 4,000 రూపాయల పింఛను ఉంది. భర్త నుంచి విడిపోయానని చెప్పి దరఖాస్తు చేసేవారిని అధికారులు ఆధారం అడుగుతారు. కోర్టు ద్వారా విడాకులు తీసుకున్నవారికి అన్నిటికన్నా గట్టి ఆధారం డిక్రీయే.

పింఛను ఒక్కదానికే కాదు. సచివాలయం రికార్డుల్లో మీరు ఇంకా మాజీ భర్తతో ఒకే కుటుంబంగా ఉంటే, ఆయన ఉద్యోగం, ఆయన భూమి, ఆయన కారు, ఆయన ఇంటి కరెంటు బిల్లు అన్నీ మీ కుటుంబం లెక్కలోకే వస్తాయి. మీరు పుట్టింట్లో ఉండి కూలికి వెళ్తున్నా, కంప్యూటర్ మాత్రం మీరు అనర్హులని చెబుతుంది. హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో మిమ్మల్ని విడదీయాలన్నా, రైస్ కార్డులోంచి పేరు వేరు చేయాలన్నా విడాకుల ఆధారం అడుగుతారు.

ఇక పాస్‌పోర్టు, బ్యాంకు రికార్డులు, మళ్లీ పెళ్లి, ఆస్తి పనులు ఎలాగూ ఉన్నాయి. ఈరోజు పని లేదని వదిలేస్తే, పని పడిన రోజున కోర్టు చుట్టూ పరుగెత్తాలి. ప్రభుత్వం కొత్త దరఖాస్తులు తీసుకునే సమయానికి కాగితం మీ చేతిలో సిద్ధంగా ఉండాలి.

ముందు చూసుకోండి: మీ దగ్గర ఉన్నది ఏ కాగితం?

ఇంట్లో ట్రంకు పెట్టె, బీరువా అన్నీ ఒకసారి వెతకండి. దొరికిన కాగితం ఈ కింది వాటిలో ఏదో చూసుకోండి.

• లాయరు నోటీసు: వకీలు లెటర్‌హెడ్ మీద ఉంటుంది. ఇది విడాకులు కాదు.

• పిటిషన్ కాపీ: విడాకులు ఇప్పించమని కోర్టును అడిగిన కాగితం. అడిగినట్టు మాత్రమే, ఇచ్చినట్టు కాదు.

• ఎం.సి. ఆర్డరు: మనోవర్తి కేసులో వచ్చేది. భర్త నెలకు ఇంత ఇవ్వాలని ఉంటుంది. ఇది మీ దగ్గర ఉన్నా పెళ్లి రద్దయినట్టు కాదు.

• డి.వి.సి. ఆర్డరు: గృహహింస కేసులో వచ్చేది. ఇదీ విడాకులు కాదు.

• జ్యుడీషియల్ సెపరేషన్ డిక్రీ: విడిగా ఉండటానికి కోర్టు ఒప్పుకున్న కాగితం. పేరులో డిక్రీ ఉన్నా పెళ్లి బంధం ఇంకా ఉన్నట్టే.

• పెద్దమనుషుల కాగితం: స్టాంపు పేపరు మీద "ఇకపై మనకు సంబంధం లేదు" అని రాసుకుని సంతకాలు పెట్టినది. నోటరీ ముద్ర ఉన్నా ఇది కోర్టు విడాకులు కాదు. ఏదైనా కులంలో విడాకుల ఆచారం అనాదిగా ఉంటే హిందూ వివాహ చట్టం 29(2) సెక్షన్ దాన్ని కాపాడుతుంది. కానీ ఆ ఆచారం ఉందని రుజువు చేసుకోవాలి. ఒట్టి స్టాంపు కాగితంతో పని జరగదు.

• విడాకుల డిక్రీ: పైన కోర్టు పేరు, కేసు నంబరు, ఇద్దరి పేర్లు, తీర్పు తేదీ ఉంటాయి. ఫలానా తేదీన జరిగిన వివాహం రద్దయిందని స్పష్టంగా ఉంటుంది. మనకు కావలసింది ఇదే.

మీ దగ్గర డిక్రీ జిరాక్స్ మాత్రమే ఉందా? అది కూడా మంచిదే, పారేయకండి. అందులో ఉన్న కేసు నంబరు మీ పనిని సగం తగ్గిస్తుంది.

తీర్పు వేరు, డిక్రీ వేరు

తీర్పులో జడ్జిగారు ఇద్దరి వాదనలు, సాక్ష్యాలు, తన కారణాలు రాస్తారు. పేజీలు ఎక్కువగా ఉంటాయి. డిక్రీ ఆ తీర్పు ఫలితాన్ని చెప్పే చిన్న కాగితం. ఆఫీసుల్లో ఎక్కువగా డిక్రీయే అడుగుతారు, కొన్నిచోట్ల రెండూ అడుగుతారు. కాబట్టి దరఖాస్తు చేసేటప్పుడే "తీర్పు, డిక్రీ రెండూ" అని రాయండి. మళ్లీ మళ్లీ తిరిగే బాధ తప్పుతుంది.

ఇంకో మాట. కోర్టు ముద్ర, అధికారి సంతకం, "నిజమైన నకలు" అనే ధ్రువీకరణ ఉన్నదే సర్టిఫైడ్ కాపీ. ఫోన్లో డౌన్‌లోడ్ చేసి ప్రింట్ తీసినది సర్టిఫైడ్ కాపీ కాదు.

ఏ కోర్టుకు వెళ్లాలి?

మీరు ఇప్పుడు ఉంటున్న ఊరి కోర్టు కాదు. మీ కేసులో తీర్పు ఏ కోర్టులో వచ్చిందో అక్కడికే వెళ్లాలి.

ఫ్యామిలీ కోర్టు ఉన్నచోట విడాకుల కేసులు అందులో నడుస్తాయి. అది లేనిచోట హిందూ వివాహ చట్టం కేసులు సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో నడుస్తాయి. దాన్నే మనవాళ్లు సబ్ కోర్టు అంటారు. మీ కేసు జరిగేనాటికి మీ ప్రాంతంలో ఫ్యామిలీ కోర్టు లేకపోతే పాత రికార్డు సబ్ కోర్టులో ఉండొచ్చు, లేదా తరువాత ఫ్యామిలీ కోర్టుకు బదిలీ అయి ఉండొచ్చు. రెండుచోట్లా అడగండి.

2022 ఏప్రిల్ 4న మన రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. అంతమాత్రాన కోర్టు రికార్డులు కొత్త జిల్లా కేంద్రానికి వచ్చేసినట్టు కాదు. ఆధార్‌లో మీ జిల్లా పేరు మారినా, కేసు జరిగింది ఉమ్మడి జిల్లా కోర్టులో అయితే అక్కడే వెతకాలి.

ఏ కోర్టో గుర్తులేకపోతే ఇవి జ్ఞాపకం చేసుకోండి: వాయిదాలకు ఏ ఊరి బస్సు ఎక్కేవారు? వకీలు ఆఫీసు ఎక్కడ ఉండేది? మీ తరఫున ఎవరు తోడు వచ్చేవారు? అన్నయ్యకో మేనమామకో మీకన్నా బాగా గుర్తుండొచ్చు.

కేసు నంబరు వెతకడం ఎలా?

కేసు నంబరు ఉంటే పని త్వరగా అవుతుంది. ఫ్యామిలీ కోర్టు కేసు అయితే ఎఫ్.సి.ఓ.పి. అని, సబ్ కోర్టు కేసు అయితే హెచ్.ఎం.ఓ.పి. లేదా ఓ.పి. అని ముందు ఉంటుంది. తరువాత నంబరు, సంవత్సరం. ఆ సంవత్సరం కేసు వేసినది, తీర్పు వచ్చినది కాదు. ఇక్కడ చాలామంది పొరబడతారు.

నంబరు లేకపోతే ఫోన్లోనే వెతకొచ్చు. దీనికి డబ్బు కట్టక్కర్లేదు.

1. ప్లే స్టోర్‌లో "ఈ-కోర్ట్స్ సర్వీసెస్" యాప్ వేసుకోండి. మీకు రాకపోతే ఇంట్లో చదువుకునే పిల్లల సాయం తీసుకోండి.

2. కేస్ స్టేటస్‌లోకి వెళ్లి రాష్ట్రం, జిల్లా, కోర్టు కాంప్లెక్స్ ఎంచుకోండి.

3. పార్టీ పేరు దగ్గర మీ పేరుగానీ మాజీ భర్త పేరుగానీ ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేయండి. కనీసం మూడు అక్షరాలు ఉండాలి.

4. కేసు వేసిన సంవత్సరం ఇవ్వండి. సరిగ్గా గుర్తులేకపోతే ఒక ఏడాది వెనక్కి, ఒక ఏడాది ముందుకు కూడా చూడండి.

5. పెండింగ్, డిస్పోజ్డ్ అని ఉన్నచోట రెండూ వెతకండి.

పేరు స్పెల్లింగ్ దగ్గర ఓపిక కావాలి. లక్ష్మి అనే పేరును ఒక గుమస్తా "కె ఎస్ హెచ్" అక్షరాలతో రాస్తే, ఇంకొకరు "ఎక్స్" అక్షరంతో రాస్తారు. ఇంటిపేరు ముందు ఉండొచ్చు, వెనక ఉండొచ్చు, ఒక్క అక్షరమే ఉండొచ్చు. పూర్తి పేరు కొట్టకుండా పేరులోని మొదటి నాలుగైదు అక్షరాలే కొట్టి చూడండి.

కేసు దొరికితే 16 అక్షరాలు, అంకెలు కలిసిన సి.ఎన్.ఆర్. నంబరు కనిపిస్తుంది. ప్రతి కేసుకూ ఇది ఒక్కటే ఉంటుంది. రాసి పెట్టుకోండి, స్క్రీన్‌షాట్ కూడా తీయండి.

యాప్‌లో తీర్పు కాపీ తెరుచుకోకపోతే కంగారు పడకండి. భార్యాభర్తల కేసుల్లో గోప్యత ఉంటుంది. విచారణ వివరాలు ప్రచురించకూడదని హిందూ వివాహ చట్టం 22వ సెక్షన్ చెబుతోంది. అది మీ మంచికే. మీకు కావలసింది ఇక్కడ కేసు నంబరు, తీర్పు తేదీ మాత్రమే.

కంప్యూటర్లోకి ఎక్కని పాత కేసులు యాప్‌లో రావు. అప్పుడు కోర్టుకే వెళ్లి, ఇద్దరి పేర్లు, సుమారుగా ఏ సంవత్సరమో రాసి రిజిస్టర్లలో వెతికించమని దరఖాస్తు ఇవ్వాలి. మీ పాత వకీలును, ఆయన లేకపోతే ఆయన జూనియర్లను కూడా కలవండి. వకీళ్లు కేసు డైరీలు చాలాకాలం దాచుకుంటారు.

జాగ్రత్త: "డిస్పోజ్డ్" అంటే విడాకులు వచ్చినట్టు కాదు

ఈ భాగం రెండుసార్లు చదవండి. డిస్పోజ్డ్ అంటే కేసు ముగిసిందని మాత్రమే అర్థం. ఎలా ముగిసిందో పక్కన ఉంటుంది.

• "అలౌడ్" లేదా "డిక్రీడ్" అని ఉంటే అడిగింది కోర్టు ఇచ్చినట్టు. అడిగింది విడాకులే అయితే విడాకులు వచ్చినట్టు.

• "డిస్మిస్డ్" అని ఉంటే కోర్టు ఇవ్వలేదు.

• "డిస్మిస్డ్ ఫర్ డిఫాల్ట్" అని ఉంటే వాయిదాలకు వెళ్లకపోవడం వల్ల కేసు కొట్టేశారు.

• "విత్‌డ్రాన్" అని ఉంటే కేసు వేసినవారే వెనక్కి తీసుకున్నారు.

చివరి మూడింట్లో ఏది ఉన్నా, ఆ కేసు వరకు మీ పెళ్లి చట్టం దృష్టిలో ఇంకా ఉన్నట్టే. ఏళ్ల తరబడి విడాకులు అయిపోయాయని అనుకుంటున్నవారికి ఈ సంగతి తెలిస్తే గుండె జారిపోతుంది. కానీ ఇప్పుడైనా తెలియడం మేలు. అలాంటివారు కింద చెప్పిన ఉచిత న్యాయ సహాయం తీసుకోండి.

కాపీ కోసం దరఖాస్తు: ఒక్కో మెట్టు

1. ఆధార్ జిరాక్స్, కేసు వివరాలు పట్టుకుని కోర్టు పని దినాల్లో ఉదయమే వెళ్లండి. కాపీయింగ్ సెక్షన్ ఎక్కడో అడగండి.

2. కాపీ దరఖాస్తు ఫారం నింపండి. వకీలు లేకుండా మీరే ఇవ్వొచ్చు. "నేనే పార్టీని" అని చెప్పండి. ఫారం మీద కోర్టు ఫీజు స్టాంపు అంటించమంటే అంటించి రసీదు తీసుకోండి.

3. మీ దరఖాస్తుకు ఒక సి.ఎ. నంబరు పడుతుంది. సి.ఎ. అంటే కాపీ అప్లికేషన్. ఇది కేసు నంబరు కాదు. ఇకపై మీ కాపీ సంగతి ఈ నంబరుతోనే అడగాలి.

4. పాత కేసు అయితే ఫైలు రికార్డు రూమ్ నుంచి రావాలి. దానికి సమయం పడుతుంది.

5. కాపీ చార్జీలు కట్టమని పిలిచిన దరఖాస్తుల జాబితా నోటీసు బోర్డులో పెడతారు. గడువులోగా కట్టకపోతే దరఖాస్తు కొట్టేస్తారు. చాలామంది పని ఆగిపోయేది సరిగ్గా ఇక్కడే. దరఖాస్తు ఇచ్చి ఇంటికెళ్లి, "వాళ్లే ఫోన్ చేస్తారు" అని కూర్చోకండి. మళ్లీ ఎప్పుడు రావాలో అడిగి, ఆ రోజు వెళ్లి బోర్డు చూడండి.

6. డబ్బు కట్టి రసీదు తీసుకోండి. కాపీ సిద్ధమైన రోజున సంతకం పెట్టి తీసుకోండి.

కాపీ మీద దరఖాస్తు ఇచ్చిన తేదీ, చార్జీలు అడిగిన తేదీ, కట్టిన తేదీ, కాపీ సిద్ధమైన తేదీ, ఇచ్చిన తేదీ వరుసగా వేస్తారు. ఎక్కడ ఆలస్యమైందో ఆ వరుస చూస్తే తెలిసిపోతుంది.

దరఖాస్తులో ఏం రాయాలి?

ఫారంలో ఖాళీలే ఉంటాయి. తెల్లకాగితం మీద రాయమంటే ఇలా రాయొచ్చు:

"గౌరవనీయులైన ... కోర్టు వారికి. ఓ.పి. నంబరు ... / సంవత్సరం ... కేసులో నేను పిటిషనరును (లేదా రెస్పాండెంటును). ఈ కేసులో ... తేదీన వెలువడిన తీర్పు, డిక్రీ సర్టిఫైడ్ కాపీలు రెండేసి చొప్పున ఇప్పించగలరు. సంక్షేమ పథకాల దరఖాస్తుకు, కుటుంబ రికార్డుల సవరణకు ఇవి అవసరం. ఇట్లు, పేరు, ప్రస్తుత చిరునామా, ఫోన్ నంబరు, సంతకం."

పిటిషనరు అంటే కేసు వేసినవారు, రెస్పాండెంటు అంటే ఎదుటివారు. కేసు భర్త వేసినా, మీరు కోర్టుకు సరిగా వెళ్లకపోయినా, మీరు ఆ కేసులో పార్టీయే. కాపీ అడగవచ్చు.

ఖర్చు ఎంత?

హిందూ వివాహ చట్టం 23(4) సెక్షన్‌లో ఒక మంచి మాట ఉంది. విడాకుల డిక్రీ ఇచ్చిన కోర్టు ఇద్దరికీ చెరొక కాపీ ఉచితంగా ఇవ్వాలి. మీరు ఆ ఉచిత కాపీ ఎప్పుడూ తీసుకోకపోతే, దరఖాస్తులోనే "23(4) సెక్షన్ కింద నాకు రావలసిన ఉచిత కాపీ ఇంతవరకు తీసుకోలేదు" అని రాసి అడగండి.

ఒకసారి తీసుకుని పోగొట్టుకుంటే, మళ్లీ తీసుకునే కాపీకి పేజీల లెక్కన చార్జీ ఉంటుంది. ఎంత కట్టాలో కోర్టే చెబుతుంది, రసీదు ఇస్తుంది. రసీదు లేని డబ్బు ఎవరికీ ఇవ్వకండి. కోర్టు గేటు దగ్గర "నాకివ్వండి, రేపటికల్లా తెస్తా" అనేవారికి అసలే ఇవ్వకండి. అలా తెచ్చిన కాగితం నకిలీ అని తేలితే ఇబ్బంది పడేది మీరే.

కాపీ చేతికొచ్చాక అక్కడే చూసుకోండి

కోర్టు మెట్లు దిగకముందే ఈ ఐదూ చూడండి:

• మీ పేరు, తండ్రి పేరు, మాజీ భర్త పేరు సరిగా ఉన్నాయా?

• పెళ్లి తేదీ, తీర్పు తేదీ ఉన్నాయా?

• వివాహం రద్దయిందన్న మాట ఉందా?

• ప్రతి పేజీ ఉందా? చివరి పేజీలో ముద్ర, సంతకం ఉన్నాయా?

• కేసు నంబరు, సంవత్సరం స్పష్టంగా కనిపిస్తున్నాయా?

డిక్రీలో అక్షర దోషం ఉంటే దాన్ని సరిచేసే అధికారం సివిల్ ప్రొసీజర్ కోడ్ 152వ సెక్షన్ కింద ఆ కోర్టుకే ఉంది. మీరు పెన్నుతో దిద్దకండి. ఒక్క అక్షరం దిద్దినా కాగితం మొత్తం అనుమానంలో పడుతుంది.

తప్పు లేకపోయినా, డిక్రీలో అత్తింటి ఇంటిపేరు, ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు ఉండటం మనవైపు మామూలే. ఇద్దరూ ఒకరేనని చూపడానికి పాత రేషన్ కార్డు, స్కూలు సర్టిఫికెట్, పాత ఓటరు కార్డు లాంటివి జత చేయండి.

ఒరిజినల్ సర్టిఫైడ్ కాపీని ఏ ఆఫీసులోనూ వదిలేయకండి. చూపించి, జిరాక్స్ మాత్రమే ఇవ్వండి. లామినేషన్ చేయించకండి, వెనకాల ఉన్న ముద్రలు, సంతకాలు తరువాత సరిగా పరిశీలించడానికి వీలుండదు. ఫోన్లో ఫొటో తీసి మీకు నమ్మకమైన ఒకరికి పంపి ఉంచండి.

తరువాత సచివాలయానికి

కాపీ, ఆధార్, రైస్ కార్డు పట్టుకుని మీ గ్రామ లేదా వార్డు సచివాలయానికి వెళ్లండి. పనులు ఈ వరుసలో అడగండి: ముందు హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో మాజీ భర్త కుటుంబం నుంచి విడదీయడం, తరువాత రైస్ కార్డు, ఆ తరువాత పింఛను. మొదటిది కాకుండా మూడోది అడిగితే కంప్యూటర్ మళ్లీ ఆయన వివరాలే చూపించి తిప్పి పంపుతుంది. ప్రతి దరఖాస్తుకూ నంబరు అడిగి తీసుకోండి. పింఛనుకు వయసు, విడిగా ఉంటున్న కాలం లాంటి షరతులు కూడా ఉంటాయి. వెల్ఫేర్ అసిస్టెంటును అడిగి ముందే తెలుసుకోండి.

పని కాకపోతే ఆ నంబర్లతో సోమవారం అర్జీ ఇవ్వండి. ఒట్టి మాటగా చెప్పినదానికన్నా నంబరుతో ఇచ్చిన అర్జీకి బలం ఎక్కువ.

ఎక్కువగా అడిగే ప్రశ్నలు

*మేము కోర్టుకే వెళ్లలేదు. ఆయన వదిలేసి వెళ్లిపోయాడు. మరి నాకు?*

మీకు డిక్రీ ఉండదు, దాని కోసం వెతికి లాభం లేదు. మీ దారి తహసీల్దారు కార్యాలయం వైపు. విచారణ చేసి ధ్రువీకరణ ఇవ్వమని అక్కడ దరఖాస్తు చేయండి. పింఛను కోసమే అని ఎవరో చెబితే హడావుడిగా విడాకుల కేసు వేయకండి. మనోవర్తి, ఆస్తి, పిల్లల సంగతులు ఆలోచించి, న్యాయ సలహా తీసుకున్నాకే నిర్ణయించుకోండి.

*నాకు తెలియకుండానే ఆయన విడాకులు తీసుకున్నాడట. నిజమో కాదో ఎలా తెలుస్తుంది?*

పైన చెప్పినట్టు యాప్‌లో ఆయన పేరుతో వెతకండి. మీరు హాజరు కాకుండా వచ్చిన తీర్పును ఎక్స్‌పార్టీ డిక్రీ అంటారు. కాపీ తీసుకుని వెంటనే న్యాయ సహాయం అడగండి. దాన్ని రద్దు చేయమని కోరడానికి గడువు 30 రోజులే. సమన్లు మీకు సరిగా అందకపోతే, ఆ 30 రోజులు డిక్రీ సంగతి మీకు తెలిసిన రోజు నుంచి లెక్క. అందుకే ఆలస్యం చేయకండి.

*నేను కువైట్‌లో ఉన్నాను. మా అమ్మ వెళ్లి తేవచ్చా?*

కేసులో పార్టీ కానివారికి కాపీ అంత తేలిగ్గా ఇవ్వరు. మీ తరఫున వకీలును పెట్టుకోవడం సులువు. వకాలత్ మీద సంతకం ఎలా పంపాలో ఆ వకీలే చెబుతారు.

*మా ఆయనకు మొదటి భార్యతో విడాకులయ్యాకే నన్ను చేసుకున్నారు. ఆయన చనిపోయారు. ఆ డిక్రీ ఇప్పుడు నాకు కావాలి. ఇస్తారా?*

ఆ కేసులో మీరు మూడో వ్యక్తి. ఎందుకు అవసరమో ప్రమాణ పత్రంలో రాసి కోర్టు అనుమతి అడగాలి. మరణ ధ్రువీకరణ పత్రం, మీ పెళ్లి ఆధారాలు జత చేయండి.

*సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చా?*

కోర్టు రికార్డుల కాపీలు కోర్టు నిబంధనల ప్రకారమే తీసుకోవాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. కాపీ దరఖాస్తే సరైన దారి.

*మేము ముస్లింలం. మాకు కూడా ఇదేనా?*

1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం కింద కోర్టుకు వెళ్లినవారికి కోర్టు డిక్రీ ఉంటుంది, పద్ధతి ఇదే. ఖులా తీసుకున్నవారు ఖులానామా కోసం అప్పట్లో రాసిన ఖాజీ కార్యాలయంలో అడగాలి. ఒకేసారి మూడుసార్లు తలాక్ చెప్పడం 2019 చట్టం ప్రకారం చెల్లదు.

*క్రైస్తవులకు?*

1869 నాటి విడాకుల చట్టం కింద కేసు నడుస్తుంది. జిల్లా కోర్టులోగానీ ఫ్యామిలీ కోర్టులోగానీ రికార్డు ఉంటుంది. కాపీ దరఖాస్తు పద్ధతి ఒక్కటే.

*ఫైలు దొరకడం లేదంటున్నారు.*

కేసు ముగిసిన కొన్నేళ్లకు సాక్ష్యాల కాగితాల లాంటివి తీసేసినా, తీర్పు, డిక్రీలను భద్రపరుస్తారు. కాబట్టి నోటి మాట విని వెనక్కి రాకండి. దరఖాస్తు మీదే రాసివ్వమని అడగండి. కోర్టు సూపరింటెండెంటును కలవండి. అప్పటికీ కాకపోతే న్యాయ సేవాధికార సంస్థకు చెప్పండి.

డబ్బు లేదని ఆగిపోవద్దు

1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలకు న్యాయ సహాయం ఉచితం. ఆదాయం ఎంత అని చూడరు. జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ, మండల స్థాయి కోర్టుల దగ్గర మండల న్యాయ సేవల కమిటీ ఉంటాయి. అక్కడ దరఖాస్తు ఇస్తే వకీలును పెడతారు. ఫోన్లో అడగాలంటే 15100. భర్త తరఫువారు బెదిరిస్తున్నా, హింస ఉన్నా మహిళా హెల్ప్‌లైన్ 181.

వెళ్లేముందు సంచిలో ఇవి ఉన్నాయా?

ఆధార్, జిరాక్సులతో సహా. కేసు నంబరు లేదా సి.ఎన్.ఆర్. నంబరు. ఇద్దరి పేర్లు, ఊర్లు, పెళ్లి తేదీ రాసిన చీటీ. పాత కోర్టు కాగితం ఏదున్నా సరే. పెన్ను. దారి ఖర్చులు, కాపీ చార్జీలకు కొంత చిల్లర డబ్బు.

మొదట చెప్పిన ఆమె సంగతి చెప్పి ముగిస్తాను. వకీలు నోటీసులో ఉన్న పేర్లతో యాప్‌లో వెతికితే మూడో ప్రయత్నంలో కేసు దొరికింది. ఇంటిపేరులో ఒక అక్షరం తేడాగా ఎక్కించారు. కోర్టుకు మూడుసార్లు తిరగాల్సి వచ్చింది: దరఖాస్తుకు ఒకసారి, చార్జీలు కట్టడానికి ఒకసారి, కాపీకి ఒకసారి. నాలుగో ప్రయాణం సచివాలయానికి. మ్యాపింగ్‌లో పేరు వేరయ్యాక ఆమె ఫోన్ చేసి, "మేడమ్, ఇప్పుడు కంప్యూటర్లో కూడా మా ఇల్లు మాదే" అన్నారు.

మీ ఊళ్లో ఇలాంటి కాగితం కోసం తిరుగుతున్నవారు ఎవరున్నా ఈ పీడీఎఫ్ పంపండి. చదువు రానివారుంటే దగ్గర కూర్చుని చదివి వినిపించండి.